లోను తీరిన సంతోషానికి అయిదుగురితో వైన్ టేస్టింగ్: ఎక్కడ, ఎన్ని సీసాలు, ఎవరిని పిలవాలి

మీరు రాసింది ఇది: వయసు 38, అమలాపురంలో సొంత ఇల్లు, పెళ్లి చేసుకోలేదు, చేసుకునే ఉద్దేశమూ లేదు. ఇంటి లోను ఆఖరి వాయిదా జనవరి నెలాఖరుకి తీరిపోతుంది. కాలేజీ నాటి స్నేహితురాళ్లు నలుగురూ పెళ్లిళ్లయి భీమవరం, కాకినాడ, రాజమండ్రి వైపు స్థిరపడ్డారు. వాళ్లతో వైన్ టేస్టింగ్ పెట్టుకోవాలని ఉంది. నాసిక్ వెళ్లాలా, ఇంట్లోనే చాలా, భర్తల్ని పిలవాలా, ఎన్ని సీసాలు కొనాలి, అసలు లోను తీరిందని జనాన్ని పిలిస్తే అతిగా ఉంటుందా అని అడిగారు.

ఆఖరి ప్రశ్నకి ముందు జవాబు. అతి కాదు. నిశ్చితార్థం, పెళ్లి, సీమంతం, బారసాల, అన్నప్రాశన, ఓణీల ఫంక్షన్... పెళ్లైనవాళ్ల ఇళ్లలో వేడుకలు వాటంతట అవే వరసగా వస్తాయి. పెళ్లి చేసుకోనివాళ్ల ఇంటికి ఏ వేడుకా దానంతట అది రాదు, పెట్టుకుంటేనే ఉంటుంది. ఒక్క జీతంతో ఇంటి లోను తీర్చడం పిలిచి చెప్పదగ్గ విషయమే. కాబట్టి దీన్ని ఫంక్షన్‌లాగే నడపండి. తేదీ, వేళ, చోటు మీరే ఖాయం చేసి పిలవండి. "మీకు ఎప్పుడు వీలైతే అప్పుడే" అన్నారంటే వాళ్ల పిల్లల పరీక్షలకీ, అత్తవారింటి ప్రయాణాలకీ మధ్య సందు వెతుక్కుంటూ ఏడాది గడిచిపోతుంది.

దీనికి వైన్ టేస్టింగ్ బాగా నప్పుతుంది. రుచి జంటగా చూసేది కాదు, ఎవరి నాలుక వాళ్లది. బల్ల చుట్టూ కూర్చున్నాక ఫలానావారి భార్య, ఫలానావాళ్ల అమ్మ అన్న వరసలేవీ ఉండవు. అయిదు గ్లాసులు, అయిదు కాగితాలు, అంతే.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం చూడండి. ఫిబ్రవరి నెలాఖరు, మార్చి వస్తే ఇంటర్, పదో తరగతి పరీక్షలు మొదలు, ఎండ కూడా ముదురుతుంది. సంక్రాంతి వారంలో అల్లుళ్లు, కూతుళ్ల హడావిడి, ఎవరూ కదలలేరు. ఆ ఏడాది శివరాత్రి ఎప్పుడొచ్చిందో చూసి ఆ వారం వదిలేయండి. నలుగురినీ విడివిడిగా ఇంకో మాట అడగండి: ఆదివారం నీసు తింటారా, ఏదైనా మొక్కు ఉందా అని. ఉదయం పదిన్నర నుంచి పన్నెండున్నర మంచి వేళ. అల్పాహారం అరిగి నాలుక శుభ్రంగా ఉంటుంది. భోజనం తర్వాత పెడితే వాసన సగమే తెలుస్తుంది.

పిలుపు ముందు ఫోన్లో, ఒక్కొక్కరికీ. వాట్సాప్ గ్రూపులోనే మొదలుపెడితే మొదటి ఆవిడ "చూసి చెప్తానే" అంటుంది, మిగతావాళ్లూ అదే అంటారు. నలుగురితో మాట్లాడాక గ్రూపులో ఇలా పెట్టండి: "నా ఇంటి లోను తీరింది. ఆ సంతోషానికి ఫలానా ఆదివారం పొద్దున్న పదిన్నరకి మా ఇంట్లో మనం అయిదుగురమే కలుస్తున్నాం. వైన్లు కొంచెం కొంచెం రుచి చూద్దాం. ఒంటిగంటన్నరకి భోజనం, దానికి మీ ఆయనా పిల్లలూ రావాలి. గురువారం రాత్రిలోగా ఖాయం చెయ్యండి." ముగ్గురు వస్తామంటే ఇక తేదీ మార్చకండి. ఒకరి కోసం ఒకసారి మార్చితే మిగతావాళ్లకి ఆ తేదీ మీద పట్టింపు పోతుంది.

భర్తల సంగతి ఆ పిలుపులోనే ఉంది: టేస్టింగ్‌కి వద్దు, భోజనానికి తప్పకుండా. దీనికి మూడు కారణాలు. జంటలు పక్కపక్కన కూర్చుంటే ఒకరు చెప్పింది రెండోవారు ఒప్పుకుంటారు, రుచి గురించి మాట సాగదు. తొమ్మిదిమంది బల్ల చుట్టూ చేరాక అది టేస్టింగ్ కాదు, మామూలు పార్టీ. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. భీమవరం నుంచి వచ్చినావిడ చించినాడ వంతెన మీదుగా తిరిగి వెళ్లాలి. భోజనానికి వచ్చిన భర్త వైన్ ముట్టుకోడు కాబట్టి బండి ఆయనే నడుపుతాడు. చట్టంలో హద్దు 100 మి.లీ. రక్తానికి 30 మి.గ్రా. ఆల్కహాల్. మనం ఇక్కడ పోసుకునే కొద్దిపాటి వైన్‌తోనే ఆడవాళ్లలో చాలామంది దాన్ని దాటతారు. మొదటిసారి పట్టుబడినా పదివేల జరిమానా గానీ ఆరునెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ఎవరి భర్తా రాలేకపోతే డ్రైవరుని మాట్లాడండి. నీళ్లు తాగితే దిగిపోతుంది, కాఫీ తాగితే దిగిపోతుంది అన్నవి నమ్మకండి.

చోటు మీ ఇల్లే. లోను తీరింది ఆ ఇంటికే కదా. దిండి లాంటి చోట రిసార్టులో పెట్టాలనుకుంటే సొంత సీసాలు తెచ్చుకోనిస్తారో లేదో ముందే అడిగి, జవాబు మెసేజ్‌లో తీసుకోండి. గోదావరి గట్టు, పడవ, కొబ్బరితోట అని ఊహించుకోకండి. బహిరంగ స్థలంలో తాగడం నేరం, పైగా గాలికి వాసన నిలవదు.

నాసిక్ సంగతి. మన గోదావరి పుట్టిన త్రయంబకం నాసిక్‌కి ముప్ఫై కిలోమీటర్లలోపే, ద్రాక్షతోటలు కొన్ని ఆ నది మీద కట్టిన గంగాపూర్ జలాశయం పక్కనే ఉన్నాయి. నది మొదట్లో ద్రాక్ష పండుతుంది, చివర్లో వరి, కొబ్బరి. ఒకే నది అయినా మన దగ్గర వైన్ ద్రాక్ష ఎందుకు రాదంటే, ఆ తీగకి పండు ముదిరే నెలల్లో పగలు ఎండ, రాత్రి చలి, పొడిగాలి కావాలి. కోనసీమలో రాత్రి కూడా ఉక్కే, నల్లమట్టిలో నీరు నిలుస్తుంది, ఆకుకి బూజు పడుతుంది. నాసిక్‌లో ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి, వానలు తగ్గేవేళ ఇంకోసారి కొమ్మలు కత్తిరించి, పంట జనవరి నుంచి మార్చిలోపు కోస్తారు. వెళితే ఆ నెలల్లోనే వెళ్లండి. నరసాపురం నుంచి నాగర్‌సోల్ రైలు ఉంది, షిర్డీ భక్తులు ఎక్కేదే, అక్కణ్ణించి కారు. రోజుకి రెండు వైనరీలు మించొద్దు, మూడోచోట నాలుక ఏమీ చెప్పదు. అయితే మొదటిసారే నాసిక్ పెట్టుకుంటే పిల్లల్ని మూడు నాలుగు రోజులు వదిలి రావాలి, నలుగురిలో ఇద్దరు తప్పుకుంటారు. ముందు ఇంట్లో పెట్టండి. నచ్చితే వాళ్లే నాసిక్ అంటారు. అక్కడ సీసాలు కొని రైల్లో తెచ్చుకోవద్దు. అనుమతి లేకుండా వేరే రాష్ట్రం మద్యం తేవడం ఇక్కడ నేరం.

ఇక సీసాలు. అయిదుగురికి నాలుగు రకాలు, ఒక్కోటి ఒక్క సీసా. పోసే వరస ఇది: బ్రూట్ (అంటే తీపి దాదాపు లేనిది) అని రాసిన బుడగల వైన్, తర్వాత తీపి లేని తెల్లది (సావిన్యో బ్లాంక్ గానీ షెనిన్ బ్లాంక్ గానీ), తర్వాత రోజే (లేత గులాబీరంగు వైన్), చివర షిరాజ్ అనే ఎర్ర వైన్. దొరికితే లేట్ హార్వెస్ట్ షెనిన్ తీపి వైన్ ఒక చిన్న సీసా, మిఠాయి కోసం. తేలికది ముందు, బరువుది తర్వాత. ఎర్రది ముందు పోస్తే దాని వగరు నాలుకని పట్టేసి, తర్వాత వచ్చే తెల్లది నీళ్లలా అనిపిస్తుంది. పోర్ట్ అని ఎర్రటి తియ్యటి సీసా చవగ్గా దొరుకుతుంది, మనలో చాలామందికి వైన్ అంటే అదే గుర్తు. దాన్ని ఈ వరసలో పెట్టకండి, ఆ తీపి తర్వాత ఏదైనా పుల్లగానే ఉంటుంది.

కొలత మనిషికి 50 మి.లీ. అయిదుగురికి 250, అంటే 750 మి.లీ. సీసాలో మూడోవంతు. కళ్లతో కొలవకండి. ఒక గ్లాసులో దగ్గుమందు మూతతో కొలిచి 50 మి.లీ. నీళ్లు పోసి, ఆ మట్టం దగ్గర బయటివైపు చిన్న స్టిక్కర్ అంటించండి, మిగతావి దాన్ని చూసి పోయొచ్చు. నాలుగు రకాలు, తీపిది ఒక 30, మొత్తం 230 మి.లీ. మామూలు బీరు పెద్ద సీసాలో ఉండే ఆల్కహాల్‌కి ఇది కాస్త తక్కువ. భోజనంలో నచ్చినదాన్ని ఇంకో 100 మి.లీ. పోసుకోవచ్చు. ఆపైన వద్దు. సీసాల్లో కనీసం సగం మిగులుతుంది, మిగలాలి కూడా.

కొనేటప్పుడు కాస్త తిరగాల్సి వస్తుంది. మన ఊళ్లలో బోర్డు మీద వైన్ షాపు అని ఉన్నా లోపల విస్కీ, బ్రాందీ, బీరే ఎక్కువ. ఉన్న ఒకటి రెండు వైన్ సీసాలు పై అరలో ఎండ పడేచోట నెలల తరబడి నిలబడి ఉంటాయి. రెండు వారాల ముందే రాజమండ్రి, కాకినాడ పెద్ద షాపుల్లో అడిగి పెట్టుకోండి. నాసిక్ సులా, సోలాపూర్ వైపు ఫ్రాటెల్లి, బెంగళూరు నంది కొండల దగ్గర గ్రోవర్ జంపా లాంటి పేర్లు అడిగితే షాపువాళ్లకి తెలుస్తుంది. సీసా చేతిలోకి తీసుకుని చూడాల్సినవి: తెల్లది, రోజే అయితే వెనక చీటీ మీద తేదీ రెండేళ్లలోపుదై ఉండాలి. తెల్ల వైన్ లేత గడ్డిరంగు దాటి తేనెరంగుకి తిరిగితే పాడైనట్టే. బిరడా పైకి పొంగినా, మూతి దగ్గర జిగురు కారిన చార ఉన్నా ఎండకి ఉడికిన సీసా. రెండూ ఉంటే బిరడా కంటే మరమూత ఉన్నది తీసుకోండి. బిల్లు దాచండి. కొన్నాక కారులో వదలకండి, ఫిబ్రవరి మధ్యాహ్నం గంటసేపు చాలు.

చల్లదనం దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. ఎర్ర వైన్ గది వేడిలో తాగాలన్న మాట చలిదేశాల గదుల గురించి, అంటే 16 నుంచి 18 డిగ్రీలు. మన గది 30. ఆ వేడిలో ఎర్రది పోస్తే ముక్కుకి స్పిరిట్ ఘాటు తప్ప ఏమీ అందదు. ఎర్ర సీసాని గంటన్నర ఫ్రిజ్‌లో ఉంచి తీయండి. తెల్లది, రోజే మూడు గంటలుంచి, పోసే పది నిమిషాల ముందు బయట పెట్టండి. బుడగలది రాత్రే పెట్టండి. కరెంటు పోతే బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు, గుప్పెడు కల్లుప్పు వేసి సీసాని మెడదాకా ముంచండి, ఇరవై నిమిషాల్లో చల్లబడుతుంది. ఉత్త ఐసులో పెడితే ముక్కల మధ్య గాలి ఉండి ఆలస్యమవుతుంది. ఐస్ ఫ్యాక్టరీ దిమ్మలు మన దగ్గర సులువుగా దొరుకుతాయి గానీ అవి చేపలకీ రొయ్యలకీ చేసినవి. సీసా బయటికే వాడండి, గ్లాసులోకి ఒక్క ముక్క పోకూడదు. అసలు వైన్‌లో ఐసు వేయకండి.

బుడగల సీసా తెరవడం నేర్చుకోండి. లోపలి ఒత్తిడి కారు టైరులో ఉండేదానికి రెండింతలు పైనే. తీగని ఆరు అరమలుపులు తిప్పి వదులు చేసి, తువ్వాలతో బిరడా గట్టిగా పట్టుకుని, సీసాని ఏటవాలుగా ఉంచి సీసానే తిప్పండి, బిరడాని కాదు. మూతి ఎవరివైపూ, ఫ్యానువైపూ ఉండకూడదు. నిట్టూర్పులాంటి శబ్దంతో ఊడితే సరిగ్గా తెరిచినట్టు. సరిగ్గా చల్లబడకపోతే పొంగి పావు సీసా నేలపాలు.

గది సంగతి. ఆ రోజు మల్లెపూలు వద్దు, సెంటు వద్దు, అగరుబత్తి, సాంబ్రాణి, దోమల చక్రం వద్దు. పూజ ఉంటే పొద్దున్నే ముగించి కిటికీలు తెరవండి. ఈ మాట పిలుపులోనే చెప్పండి. తలలో మూర మల్లెలు పెట్టుకొచ్చిన ఒక్కరుంటే చాలు, అయిదుగురి గ్లాసుల్లోనూ అదే వాసన. గ్లాసులు మనిషికి రెండు చాలు, కాడ ఉండి పైన మూతి కాస్త ముడుచుకున్నవి. స్టీలు గ్లాసు, కాగితం గ్లాసు పనికిరావు. ముందురోజు సబ్బు వాసన పోయేదాకా వేడినీళ్లతో కడిగి, బోర్లించకుండా ఆరబెట్టండి. బీరువాలో కలరా ఉండల పక్కన పెట్టిన గ్లాసులైతే మళ్లీ కడగాల్సిందే.

ఉమ్మడం దగ్గర మనవాళ్లు ఇబ్బందిపడతారు. రుచి చూసి ఉమ్మేయడం టేస్టింగ్‌లో మర్యాదే, కానీ అందరికీ ఒకే గిన్నె పెడితే ఎంగిలి అని ఒక్కరూ వాడరు. మనిషికొక మూత ఉన్న కాగితపు కప్పు ఇవ్వండి. తాగాలనుకోనివాళ్లకీ, కొంచెం చాలనుకునేవాళ్లకీ అదే దారి. రుచికీ రుచికీ మధ్య నోరు శుభ్రం చేయడానికి ఉప్పూ కారం లేని మరమరాలు, పక్కన నీళ్లు. మనిషికి లీటరు లెక్క.

సీసాలకి వార్తాపత్రిక చుట్టి రబ్బరుబ్యాండు వేసి అంకెలు రాయండి. పేరూ ధరా కనిపిస్తే నాలుక వాటి వెంట పోతుంది. మనిషికొక కాగితం: రంగు, వాసన, పులుపు, తీపి, వగరు, మింగాక ఎంతసేపు నిలిచింది. రాసేదాకా ఎవరూ పైకి చెప్పకూడదన్నది ఒక్కటే నియమం. ముందు తెల్లకాగితం మీద రంగు చూడాలి, తిప్పకుండా వాసన, గ్లాసు కాడ పట్టి తిప్పి మళ్లీ వాసన. తర్వాత చిన్న గుక్క, అయిదు సెకన్లు నోట్లో అన్నివైపులా తిప్పి, పెదవుల మధ్య నుంచి కొంచెం గాలి పీల్చి, మింగాలి లేదా ఉమ్మాలి.

వాసనలకి విదేశీ పళ్ల పేర్లు అరువు తెచ్చుకోనక్కర్లేదు. షెనిన్‌లో జామపండు, సావిన్యోలో కోసిన పచ్చగడ్డి, చీల్చిన పచ్చిమిరప, షిరాజ్‌లో నేరేడు, మిరియాలు. ఎర్రదానిలో కొబ్బరి తగిలితే ఓక్ పీపాలో ఉంచినట్టు, కోనసీమ ముక్కు దీన్ని ముందే పట్టేస్తుంది. వగరు అనే మాట మనకి ఉండటం పెద్ద సదుపాయం. పచ్చి అరటికాయ కోసి నాకితే నాలుక పట్టేసినట్టయ్యేది అదే, ఎర్రవైన్‌లో తొక్కా గింజా ఇచ్చేదీ అదే. పొద్దున దించిన తాటికల్లు తియ్యగా, సాయంత్రానికి పుల్లగా ఉండటం తెలిసినవాళ్లకి పులియడం గురించి వేరే పాఠం అక్కర్లేదు. తడి గోనెసంచి కంపు వస్తే బిరడా పాడైంది. వెనిగర్‌లా గానీ గోళ్లరంగు తుడిచే మందులా గానీ ఉంటే సీసానే పోయింది. మొహమాటపడకుండా పక్కన పెట్టేయండి. అందుకే ఒక సీసా ఎక్కువ కొని ఉంచడం మంచిది.

తినడానికి రెండు సూత్రాలు: వైన్ పులుపు కూర పులుపు కన్నా ఎక్కువ ఉండాలి, వైన్ తీపి మిఠాయి తీపి కన్నా ఎక్కువ ఉండాలి. చింతపండు చేపల పులుసు పక్కన ఏ వైనైనా చప్పబడిపోతుంది. పులుసు భోజనానికి ఉంచండి, టేస్టింగ్ బల్ల మీదకి వద్దు. ఆవకాయ, ఆవపెట్టిన పనసపొట్టు కూర కూడా అంతే. కారం ఉంటే ఎర్రవైన్ ఆ మంటని రెట్టింపు చేస్తుంది. ఎర్రదానితో చేప తింటే నోట్లో నీచు రుచి మిగులుతుంది, వైన్‌లోని ఇనుమూ చేప కొవ్వూ కలిసి చేసే పని అది. బాగా కుదిరేవి: బుడగలదానికి ఉప్పులేకుండా వేయించిన మోరి జీడిపప్పు, తెల్లదానికి కారం తగ్గించి నిమ్మకాయ పిండిన రొయ్యల వేపుడు, షిరాజ్‌కి మిరియాల కోడివేపుడు గానీ మేకమాంసం వేపుడు గానీ. మాంసం పక్కన వగరు మెత్తబడుతుంది. చివర ఆత్రేయపురం పూతరేకులు, తీపి వైన్‌తో మాత్రమే. షిరాజ్‌తో పూతరేకు తింటే రెండూ పాడవుతాయి.

ఎవరైనా గర్భంతో ఉన్నా, పిల్లకి పాలిస్తున్నా, మెట్రోనిడజోల్ మాత్రలో నిద్రమాత్రలో వాడుతున్నా వాళ్లకి చుక్క కూడా వద్దు. ఇన్సులిన్ గానీ షుగరు మాత్రలు గానీ వాడేవాళ్లు డాక్టరుని అడగకుండా, ఖాళీకడుపున ముట్టుకోకూడదు. కారణం అడగకండి, "నీకు ఏ గ్లాసు?" అని మాత్రం ఫోన్లో అడగండి. వాళ్లకీ నాలుగు గ్లాసులే: నల్లద్రాక్ష రసం, తెల్లద్రాక్ష రసం, దానిమ్మ, చల్లటి నిమ్మసోడా. అవే కాగితాలు, అవే అంకెలు. తాగనివాళ్లకి వంటింటి పని అప్పజెప్పడం మన ఇళ్లలో అలవాటు, అది జరగనివ్వకండి. వంట ముందురోజే చెయ్యండి లేదా చెప్పి తెప్పించండి.

డబ్బు: పిలిచింది మీరు కాబట్టి వైన్ మీదే. తలా ఒక వంటకం తెస్తామంటే తేనివ్వండి. బహుమతి తెస్తే వద్దనకండి, ఇన్నేళ్లూ వాళ్ల వేడుకలకి మీరు చదివించలేదా. నాసిక్ లాంటి ప్రయాణాల్లో మాత్రం లెక్క ముందే మాట్లాడండి. మూడు జంటలూ మీరూ వెళ్లి, నాలుగు గదులు ఒక్కోటి 4,000 అనుకుంటే మొత్తం 16,000. గది లెక్కన పంచితే జంటలో మనిషికి 2,000, మీకు 4,000. తల లెక్కన అందరికీ సుమారు 2,286. అద్దె తల లెక్కన అని గది బుక్ చేసే ముందే చెప్తే ఎవరూ ఏమీ అనుకోరు, తిరిగొచ్చాక చెప్తే మనసులో పెట్టుకుంటారు. "నువ్వొక్కదానివే కదా, పిల్లల గదిలో సర్దుకో" అన్నదానికి కూడా ముందే వద్దనండి.

పెళ్లి మాట భోజనాల దగ్గర వస్తుంది, ఎవరి అత్తగారో అడుగుతారు. "అది ఎప్పుడో నిర్ణయించుకున్నానండీ. ఇవాళ ఇల్లు పూర్తిగా నాదైన రోజు, రండి, మేడ చూపిస్తాను" అని లేవండి. వాదన వద్దు, సంజాయిషీ అసలే వద్దు. నలుగురిలో ఒకరికి ముందే చెప్పి ఉంచండి, ఆవిడ మాట మారుస్తుంది. మీ వైపు నుంచి కూడా ఒక జాగ్రత్త. టేస్టింగ్ రెండు గంటల్లో పిల్లల కబుర్లు వస్తే విసుక్కోకండి, వాళ్ల రోజంతా అదే. కాగితం మీది తర్వాతి అంకె చదివితే మాట దానంతట అదే గ్లాసు మీదకి వస్తుంది.

పన్నెండున్నరకి కాగితాల లెక్క తీసి, వార్తాపత్రికలు విప్పి పేర్లు చూడండి. ఒంటిగంటకల్లా సీసాలు లోపల పెట్టేయండి, పిల్లలు వచ్చే వేళకి బల్ల మీద ఒక్క సీసా కూడా ఉండకూడదు. మూత బిగించి ఫ్రిజ్‌లో నిలబెడితే తెల్లదీ రోజే మూడురోజులు, ఎర్రది మూడు నాలుగు రోజులు బాగుంటాయి. బుడగలది మర్నాటికే చప్పబడుతుంది, దాన్ని మాత్రం భోజనంలో మీ వంతుగా పోసుకోండి.